పనిచేసే చోట బొట్టు

ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి వీడియో పెట్టి చూసినా, అప్పగింతల ముక్క ఒకే తీరుగా ఉంటుంది. పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండు క్షణాలు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత పెళ్లికూతురి తల్లి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. అంతవరకూ టీవీ ముందు కూర్చొని ఎవరి చీర బాగుందో, ఎవరు ఎన్నిసార్లు వడ్డించుకున్నారో లెక్కలు తీస్తున్న ఆడవాళ్లంతా అక్కడికి రాగానే కొంగులు అందుకుంటారు. ఆ పాటను అక్కడ ఆపింది తిరుపాల్ అనే మనిషి అని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. సీడీ డబ్బా మీద స్టూడియో పేరే ఉంటుంది.

తిరుపాల్‌ది మిక్సింగ్ పని. కెమెరా వాళ్లు గంటల తరబడి తీసుకొచ్చిన పెళ్లిని కోసి, అతికించి, పాటలు కలిపి, చూడగలిగేటంత పొట్టిగా చేసే పని. ఎమ్మిగనూరులో గోవిందన్న స్టూడియో వెనక గదిలో పదహారేళ్లు అదే చేశాడు. ఆ గదిలో కంప్యూటర్లు మూడు మారాయి గానీ కుర్చీ మారలేదు, కూర్చున్న మనిషీ మారలేదు. కంప్యూటర్ ఏది కొనాలో గోవిందన్న చెప్పేవాడు, ఏ పాట కలపాలో పెళ్లివాళ్లు చెప్పేవాళ్లు. ఆ రెండు క్షణాల నిశ్శబ్దం మాత్రం తిరుపాల్ సొంతం. అది పెట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

నిజానికి అతను ఆ గదిలోకి వచ్చింది చదువు అబ్బక కాదు, అందక. వీళ్లది సుగ్గికి పోయే కుటుంబం. ఆ పక్క మెట్ట ఊళ్లలో సుగ్గి అంటే అందరికీ తెలిసిందే. వాన మొహం చాటేసి చేలు మాడిపోయాక, ఇంటికి తాళం వేసి, గిన్నెలు మూటగట్టి, గుంటూరు వైపు మిరప చేలకు కోత కూలికి వెళ్లడం. పిల్లలు కూడా వెంటే. తిరుపాల్ ప్రతి ఏడూ సగం తరగతి బడిలో, సగం మిరప చేలో చదివాడు. తొమ్మిదో తరగతిలో తండ్రి పోయాక ఆ సగమూ పోయింది. కొన్నేళ్లు అందిన కూలీ చేశాక, తల్లి అంజనమ్మే గోవిందన్న కాళ్లావేళ్లా పడి స్టూడియో ఊడ్చే పనికి పెట్టించింది. ఊడుస్తూ, చూస్తూ నాలుగేళ్లకు అతను మిక్సింగ్ పట్టుకున్నాడు. "నువ్వు నీడ పట్టున ఉండు నాయనా, సుగ్గికి నేను పోతాను" అని ఆ రోజు అన్న మాటను ఆమె ఈ నాటికీ తప్పలేదు. కొడుక్కి పెళ్లయింది, గౌరి ఇంటికి వచ్చింది, మనవరాలు దీప ఐదో తరగతికి వచ్చింది. అంజనమ్మకు అరవై దగ్గర పడ్డాయి. పుష్యమాసం వస్తే లారీ ఎక్కడం మానలేదు. మిరప ఘాటుకు ఊపిరితిత్తులు పాడై, తిరిగొచ్చాక ఉగాది పోయి చాలా రోజుల దాకా దగ్గుతూనే ఉంటుంది. మోకాళ్లు కూర్చుంటే లేవవు, లేస్తే కూర్చోవు.

నిరుడు దసరాకు గోవిందన్న స్టూడియో మూసేశాడు. పెళ్లికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఫోను కెమెరాగా మారాక ఇంక నాకెందుకు ఈ అవస్థ అని, ఉన్న సామానంతా అమ్మేసి, కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. తిరుపాల్ పని పోయింది. అప్పుడు ఆదోని నుంచి కృష్ణప్ప కబురు పంపాడు. ఆయనకు పెద్ద స్టూడియో ఉంది, మూడు కెమెరాలు, గాల్లో ఎగిరే కెమెరా ఒకటి. తిరుపాల్ పని ఆయనకు ముందే తెలుసు. మార్గశిరం నుంచి మాఘం దాకా ఎన్ని పెళ్లిళ్లు పడితే అన్నింటి మిక్సింగూ నీకే ఇస్తాను, అయితే కంప్యూటర్ సిస్టం నీది ఉండాలి, మూడు కెమెరాల వీడియో ఒకేసారి నడిచేది కావాలి, పాతవి పనికిరావు అన్నాడు.

తిరుపాల్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడవక ముందే తల్లితో అన్నాడు. "మా, ఈ ఏడు నువ్వు సుగ్గికి పోయేది లేదు."

అంజనమ్మ నమ్మలేదు. నమ్మకపోయినా, పోయిన సుగ్గిలో తెచ్చి దాచుకున్నదంతా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. దానికి అతను తన జీతంలో మిగుల్చుకున్నది కలిపాడు. ఇంకెక్కడి నుంచీ వచ్చేది లేదు.

ఆదోనిలో మధు అనే అతనికి ఒక బట్టల అంగడి పైన మేడ మీద కంప్యూటర్ దుకాణం ఉంది. ఎవరికి కావలసిన సిస్టం వాళ్లకు విడి సామాను తెప్పించి బిగించి ఇస్తాడు. అక్కడికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది గేములాడే కుర్రాళ్లు. వాళ్లు మెట్లెక్కుతూనే అడిగేది లైట్ల గురించి. ఫ్యానుకు లైటు, ర్యామ్‌కు లైటు, ఆఖరికి కింద పెట్టే మౌస్‌కు కూడా లైటు. దీపావళి దుకాణంలా వెలగకపోతే వాళ్లకు గేము ఎక్కదు. తిరుపాల్ వెళ్లి, గేములకు వేసే సామానే తనకూ కావాలి గానీ గేములు ఆడటానికి కాదు, మిక్సింగ్‌కు అని చెప్పినప్పుడు మధు మొహం విప్పారింది. పాపం, అతనికీ తెలిసిన విద్య చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.

గేములకైతే ఉన్న డబ్బంతా తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్ కార్డు మీద కుమ్మరించాలి, మిక్సింగ్‌కు అలా కాదు అని మధు విడమరిచి చెప్పాడు. దీనికి ప్రాసెసర్ తలకాయ. ర్యామ్ పని పరుచుకునే బల్ల, అది ఎంత పెద్దదైతే అంత మంచిది. గ్రాఫిక్ కార్డు మధ్యరకం సరిపోతుంది. తిరుపాల్ తలూపి సామాను చీటీ తీసుకొని ఇంటికెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత అదే చీటీ మీద మూడు కొట్టివేతలతో తిరిగొచ్చాడు. మళ్లీ వారానికి ఇంకో చీటీ. కార్తీకం అంతా ఎమ్మిగనూరు, ఆదోని మధ్య బస్సులో అతనిది ఒక సీటు ఖాయమైపోయింది. ఫోన్లో ఆ సామాను గురించి ఎవరెవరో చెప్పే వీడియోలన్నీ చూసేవాడు. అన్నం తింటూ చూసేవాడు. గౌరి ఏదైనా అడిగితే, "ఇంతకన్నా వేడి తక్కువ ఉన్న ప్రాసెసర్ ఉందంట" అని జవాబు చెప్పేవాడు. ఆమె ఉప్పు సరిపోయిందా అని అడిగి ఉండేది.

ఎక్కడ అందరూ తగ్గిస్తారో అతను అక్కడ పెంచాడు. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వచ్చి ఏది మాడుస్తుందో తెలిసినవాడు గనుక కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ మంచిది కావాలన్నాడు. ఆ పక్క గాలిలో పత్తి మిల్లుల నూగు ఎగురుతూ ఉంటుందని, సామానంతా పట్టే పెట్టె, క్యాబినెట్, జల్లెడ ఉన్నది ఏరుకున్నాడు. లైట్లున్న ఫ్యాన్లు రెండు పక్కన పెట్టించి ఆ డబ్బును ర్యామ్‌లోకి తోశాడు. ఒకరోజు, అన్నింటినీ తగిలించే పలక, మదర్‌బోర్డు, రెండింటిలో ఏదో తేల్చుకోలేక బట్టల అంగడి మెట్ల మీద గంట సేపు కూర్చున్నాడు. బయటివాళ్లకు అది పిచ్చిగా కనపడవచ్చు. కానీ ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఏదైనా ఒక వస్తువును తనంతట తాను ఎంచుకోవడం అదే మొదలు. చొక్కా తల్లి తెచ్చేది, పని గోవిందన్న ఇచ్చాడు, పెళ్లాం సంబంధం మేనమామ చూశాడు. ఆ నెల రోజులూ అతను ఎంత సంతోషంగా ఉన్నాడో అతనికీ అప్పుడు తెలియలేదు.

సామానంతా వచ్చాక మధు బిగించి ఇస్తానన్నాడు, ఊరికే. తిరుపాల్ ఒప్పుకోలేదు. పదహారేళ్లు ఒకరి సిస్టం మీద పనిచేశాను, ఇది నా చేత్తో నేను బిగించుకోవాలని ఒక పట్టుదల. అదీగాక, కొత్త పనిముట్టు ఏదైనా బిగించక ముందే విడివిడిగా పెట్టి పూజ చెయ్యాలని అంజనమ్మ ముందే మాట తీసుకుంది. మధు సరేనని ఒక్క జాగ్రత్త చెప్పాడు. మదర్‌బోర్డు మధ్యలో ప్రాసెసర్ కూర్చునే గూడు ఉంటుంది, దాని మీద నల్ల మూత ఉంటుంది. "అన్నా, ప్రాసెసర్ పెట్టే నిమిషం దాంకా ఆ మూత తియ్యొద్దు. లోపల సూదుల్లాంటివి వందలుంటాయి. యేలు తగిల్తే అంతే." తిరుపాల్ నవ్వాడు. ఆ సంగతి చూపించే వీడియోలు అతను పది చూశాడు.

సోమవారం వాళ్ల ఇలవేల్పు ఉరుకుంద ఈరన్న సామి రోజు. పొద్దున్నే ఇల్లు అలికి, ముగ్గు వేసి, చాప మీద పసుపు గుడ్డ పరిచి సామానంతా వరసగా పెట్టారు. ఉరుకుంద దాకా తీసుకుపోయి సామి ముందు పెట్టిస్తే బాగుండునని అంజనమ్మకు ఉండింది గానీ, బస్సులో ఆ తోపులాటకు ఇవి తట్టుకోవని కొడుకు నచ్చజెప్పాడు. దీప బడికి పోతూ ఒక్కొక్కదాని పేరూ చదివి పోయింది. గౌరి గడప దగ్గర కొబ్బరికాయ పీచు తీస్తోంది.

అంజనమ్మ కుంకుమ తడిపి పెట్టుకొని కూర్చుంది. పనిముట్టుకు బొట్టు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడపడితే అక్కడ పెట్టరు. కొడవలికైతే పిడికి కాదు, అంచుకు పెడతారు. మడకకైతే కొయ్యకు కాదు, నేలలో దిగే కర్రుకు పెడతారు. పని చేసే చోటే బొట్టు పెట్టాలి. ఆమె తల్లి అలాగే పెట్టింది, ఆమె అలాగే పెడుతోంది. అందుకని ఆ డబ్బాల వంకా పలకల వంకా చూసి అడిగింది. "ఇన్నింట్లో అసలు పని సేసేది ఏదిరా?"

తిరుపాల్ ఉప్పొంగిపోయాడు. నెల రోజులుగా అతని మాటలకు ఇంట్లో ఎవరూ చెవి ఒగ్గలేదు. ఇప్పుడు తల్లి అడిగింది, అదీ సరైన ప్రశ్న. మదర్‌బోర్డును ముందుకు జరిపి, చిన్న కడ్డీ ఎత్తి, నల్ల మూత తీసి చూపించాడు. "ఈడమ్మా. తలకాయ వచ్చి కూర్చునేది ఈడే. పనంతా ఈడే జరిగేది." అంజనమ్మ వంగి చూసింది. అగ్గిపెట్టెంత చోటులో బంగారు రంగు ముళ్లు తళతళలాడుతున్నాయి. ఎంత బాగుందో అనుకుంది.

అప్పుడే కృష్ణప్ప ఫోను చేశాడు. ఇంట్లో సిగ్నల్ అందదు. తిరుపాల్ లేచి రోడ్డు మీదికి వెళ్లాడు. మొదటి పెళ్లి తీసిన మెమరీ కార్డులు వచ్చేశాయి, ఎప్పుడు పంపమంటావని ఆయన అడిగాడు. రేపే పంపు అన్నా అని తిరుపాల్ అన్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తిరిగొచ్చేసరికి అంజనమ్మ చేతులు జోడించి కళ్లు మూసుకొని ఉంది. క్యాబినెట్‌కు బొట్టు, గ్రాఫిక్ కార్డు డబ్బాకు బొట్టు, అన్నింటికీ చిన్న చిన్న బొట్లు. ఆ గూడు మధ్యలో మాత్రం పెద్ద బొట్టు. ముప్పై ఏళ్లు మిరపకాయలు తుంచి కాయలు కాచిన ఉంగరపు వేలితో, ఎర్రగా, తడిగా, గట్టిగా నొక్కి పెట్టిన బొట్టు. మొదటిసారి సరిగా అంటుకోలేదని ఆమె రెండోసారి కూడా నొక్కింది.

తిరుపాల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. నోటి దాకా వచ్చిన మాట తల్లి మొహం చూసి ఆగిపోయింది. ఆమె కళ్లు తెరిచి, "ఇంక నీకు అడ్డం లేదు, బిగించుకో" అంది. అతను పొడిగుడ్డ తీసుకొని తుడిచాడు. అది ఇంకా పెద్ద తప్పు. గుడ్డ పోగులు ఆ ముళ్లకు తగులుకొని, వంగనివి కూడా వంగిపోయాయి. అది అతనికి కనిపించింది. కనిపించినా, సామి దయ ఉంటే నడవకపోతుందా అని తనను తాను మభ్యపెట్టుకొని ప్రాసెసర్ పెట్టి, కడ్డీ దించి బిగించాడు. మనిషికి ఆశ పుట్టాక కళ్లు ఉండీ ఏం లాభం. మధ్యాహ్నానికి అన్నీ అమర్చి మీట నొక్కాడు.

ఫ్యాన్లు తిరిగాయి. బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలిగింది. అంజనమ్మ "వచ్చింది, వచ్చింది" అని మనవరాలి కోసం దాచిన బెల్లం ముక్క తెచ్చి కొడుకు నోట్లో పెట్టింది. ఎదురుగా తెర నల్లగానే ఉంది. ఇంకో నిమిషానికి ఏదో మాడిన వాసన వచ్చింది. తిరుపాల్ బెల్లం నోట్లో ఉంచుకొనే ప్లగ్గు పీకేశాడు.

మరునాడు ఆదోనికి తీసుకుపోతే మధు భూతద్దం పెట్టి చూశాడు. ఇలా ఎలా అయిందని అడగలేదు. ఆ ఎరుపు ఏమిటో తెలియని మనిషి ఆదోనిలో ఎవరున్నారు? కుట్టుసూది తీసుకొని ఒక్కొక్క ముల్లూ లేపుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మూడు విరిగిపోయాయి. ప్రాసెసర్‌ను ఇంకో బోర్డులో పెట్టి చూస్తే అదీ లేవలేదు. బోర్డు పోయింది, అది పోతూ ప్రాసెసర్‌నూ తీసుకుపోయింది. "కంపెనోళ్లు ఇట్లాటివి వాపసు తీసుకోరన్నా. రెండూ మళ్లా కొనాల్సిందే" అన్నాడు. మిగతా సామాను తీసుకొని తగినంత ఇస్తానన్నాడు గానీ, దానితో ఆ రెండూ రావు, అవి వచ్చినా మిగతావి ఉండవు. ఎటు తిప్పి చూసినా ఒకటి ఉంటే ఒకటి లేదు.

అక్కడి నుంచే కృష్ణప్ప దగ్గరికి వెళ్లాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాలుగు రోజులు ఆగాడు, ఇంకో నాలుగు రోజులు ఆగాడు. పెళ్లివాళ్లు మీద పడ్డాక ఆ మెమరీ కార్డులు బళ్లారికి పంపేశాడు. అక్కడివాళ్లు చేసిన మొదటి వీడియో తిరుపాల్‌కు చూపించాడు కూడా. అప్పగింతల దగ్గర పాట ఆగలేదు, మోగుతూనే ఉంది. పెళ్లివాళ్లు ఏమీ అనలేదని, బాగుందన్నారని కృష్ణప్ప చెప్పాడు. ఆ మాట తిరుపాల్‌కు బోర్డు పోయినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. వచ్చే ఏడు చూద్దాంలే అని కృష్ణప్ప టీ తాగించి పంపాడు.

ఇంట్లో గౌరికి నిజం తెలుసు. గడప దగ్గర కూర్చున్నదే కదా, అత్త వేలు ఎక్కడ పడిందో చూసింది. అప్పుడు దాని సంగతి తెలియక ఊరుకుంది, తెలిశాక కడుపు మండిపోయింది. అత్తకు చెప్పి తీరాలంది. ఇంట్లో ఇంత నష్టం జరిగితే ఎందుకు జరిగిందో తెలియకుండా ఎట్లా అంది. తిరుపాల్ ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి చెప్పాడు. "మూత తీసింది నేను. గుడ్డ పెట్టి రుద్దింది నేను. ఆయమ్మకు సెప్పినామంటే ఇంక ఈ ఇంట్లో ఏ వస్తువునూ ముట్టుకోదు. దీప తలకాయ మీద సెయ్యి పెట్టాలన్నా భయపడ్తాది." గౌరి ఏడ్చింది గానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తల్లికి మాత్రం, కంపెనీ వాళ్లు చెడిపోయిన సామాను పంపారని, వాపసు తీసుకోవడం లేదని చెప్పాడు. అంజనమ్మ వాళ్లను ఒక పూటంతా తిట్టింది. తర్వాత నెమ్మదించి అడిగింది.

"పోయిన ఆ రెండు సామాన్లు ఒక్క సుగ్గితో వస్తాయా?"

తిరుపాల్ నేల చూస్తూ, "వస్తాయి" అన్నాడు.

"మరింకేం. పోయొస్తా" అంది, పక్కింటికి వెళ్లి వస్తానన్నంత తేలిగ్గా. ఆ తేలికతనం చూస్తే అతనికి ఏడుపు వచ్చింది. వద్దని ఏం పెట్టి సాకుతాడు? సిస్టం పక్కన పెడితే, అప్పటికి రెండు నెలలుగా ఇంట్లోకి వచ్చింది ఏమీ లేదు. ఆ రోజే పోయి లారీ మాట్లాడే మేస్త్రికి తన పేరు కూడా చెప్పి వచ్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ పట్టీలో అతని పేరు ఎక్కింది. దీప బడి పోకుండా గౌరి ఊళ్లోనే ఉండేటట్టు అనుకున్నారు. క్యాబినెట్‌కు పాత చీర చుట్టి అటక మీద పెట్టారు.

పుష్యమాసంలో లారీ కదిలింది. మూటల మధ్య కూర్చున్నాక అంజనమ్మ ఎవరూ వినకుండా కొడుకుతో చెప్పింది. అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉందట, తప్పు కంపెనీది కాదట. "నేనే సరిగా సెయ్యలేదు నాయనా. తొందరపడినాను. ఒక్క సోటే పెద్ద బొట్టు పెట్టి, మిగతా వాటికి ఏదో తూతూ మంత్రంగా పెట్టినాను. ఈ తూరి కొన్నాక ఉరుకుందకే తీసుకపోయి, ప్రతి దానికీ లోపలి దాంకా బాగా పెడ్తాను." తిరుపాల్ సరేనమ్మా అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవలసిందేమో. చెప్పలేకపోయాడు.

మిరప చేలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు, ఒక్కొక్క చెట్ల వరస, ఇస్తారు. ఎవరి సాలు వాళ్లు కోసుకుంటూ అవతలి గట్టు దాకా పోవాలి. పొద్దు తిరిగే లోపల పోకపోతే మేస్త్రి నోటికి అదుపు ఉండదు. తిరుపాల్ ఆ పని మరిచిపోయాడు. వేళ్లు మౌస్‌కు అలవాటు పడి మెత్తబడ్డాయి. మొదటి గంటలోనే గోళ్ల సందుల్లో ఘాటు ఎక్కి మండసాగాయి, ముక్కు తుడుచుకోబోయి కళ్లలో పూసుకున్నాడు. తల ఎత్తి చూస్తే తల్లి చాలా ముందుంది. నడుం వంచి, దగ్గుతూ, ఆగకుండా పోతోంది. ఆమెను చేరాలని గబగబా కోశాడు. చేరలేకపోయాడు.

మధ్యాహ్నానికి అంజనమ్మ గట్టు చేరింది. బుట్ట కుమ్మరించి, మంచినీళ్లు తాగి, మిగతా ఆడవాళ్లంతా నీడలో కూలబడుతుంటే ఆమె కూర్చోలేదు. కొడుకు సాలు దగ్గరికి వచ్చి, అవతలి కొస నుంచి అతనికి ఎదురుగా కోయడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ ఆమె తన సాలు ఒక్కటే కోసేది. ఆ ఏడు రోజూ ఒకటిన్నర కోసింది.